కలం ఎవరి మీద నుండి ఎత్తబడింది?

ముగ్గురి విషయంలో కర్మలు రాసే కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలియజేశారు. నిద్రపోయేవాడు మేల్కొనే దాకా, పసివాడు యుక్తవయసుకు వచ్చే దాకా, మతి తప్పినవాడు తిరిగి తెలివిలోకి వచ్చే దాకా వారి పనులు వారి ఖాతాలో రాయబడవు. అబూ దావూద్, తిర్మిజీ వంటి హదీసు గ్రంథాల్లో ఉన్న ఈ విషయం మనలో చాలామందికి తెలిసినదే. నమాజు, ఉపవాసం, తలాక్ వంటి మసాయిల్ చర్చకు వచ్చినప్పుడు పండితులు దీన్నే ఆధారంగా చూపుతారు.

అయితే ఈ హదీసును మనం సగమే అర్థం చేసుకుంటున్నామేమో ఒకసారి ఆలోచించాలి. మతి తప్పినవాని మీద నుండి కలం ఎత్తబడింది, నిజమే. మరి అతని తల్లిదండ్రుల మీద నుండి ఎత్తబడిందా? అన్నదమ్ముల మీద నుండి, ఇరుగుపొరుగు మీద నుండి ఎత్తబడిందా? ఆసుపత్రిలో అతనికి మందిచ్చే నర్సు మీద నుండి ఎత్తబడిందా? లేదు. అతను తిట్టిన తిట్టు రాయబడదు గాని, దానికి బదులుగా మనం కొట్టిన దెబ్బ రాయబడుతుంది. అతను విసిరికొట్టిన కంచం రాయబడదు గాని, ఆ కోపంతో మనం అతనికి అన్నం పెట్టని పూట రాయబడుతుంది. అతనికి లెక్క లేదు కదా అని మనం ఏం చేసినా చెల్లుతుందనుకోవడం ఎంత పెద్ద పొరపాటు!

మానసిక రోగి సేవలో అసలు ధర్మసంకటం ఇక్కడే ఉంది. తన తరఫున తాను మాట్లాడుకోలేని మనిషి మన చేతిలో ఉన్నాడు. అతను ఫిర్యాదు చేసినా ఎవరూ నమ్మరు. అలాంటివాని పట్ల మనం ఎలా ఉంటామన్నది మన ఈమాన్‌కు పెద్ద పరీక్ష.

అందరూ మరచినప్పుడు ఒక్కరు

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో జరిగిన ఒక సంఘటన అబూ దావూద్ గ్రంథంలో ఉంది. మతిస్థిమితం లేని ఒక స్త్రీని వ్యభిచార నేరంపై పట్టి తెచ్చారు. సంప్రదింపులు జరిగి శిక్ష కూడా ఖరారైంది. ఆమెను తీసుకుపోతుండగా హజ్రత్ అలీ (రజి) చూశారు. ఆమెను వెనక్కి తీసుకువెళ్లమని చెప్పి, తానే ఖలీఫా దగ్గరకు వచ్చి, ముగ్గురి మీద నుండి కలం ఎత్తబడిన సంగతి గుర్తుచేశారు. ఉమర్ (రజి) వెంటనే ఆమెను వదిలేయించారు. తప్పు జరగకుండా ఆగినందుకు తక్బీర్ పలికారు.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఆ సభలో ఉన్నవారు సామాన్యులు కారు, న్యాయం కోసం ప్రాణమిచ్చేవారు. అయినా ఆ క్షణంలో ఒక విషయం మరుగున పడిపోయింది. ఆ స్త్రీ తనను తాను సమర్థించుకోలేదు. ఆమె తరఫున మాట్లాడడానికి ఒకరు కావలసి వచ్చారు. మానసిక రోగికి మనం చేయగల మొదటి సేవ ఇదే. అతను చెప్పుకోలేనిది అతని తరఫున చెప్పడం. పెద్దవాళ్లు, తెలిసినవాళ్లు, ఇంటి యజమాని అయినా సరే, అన్యాయం జరుగుతుంటే ఆగమనడం.

మదీనా గల్లీలో ఒక స్త్రీ

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన మరో సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. మతి సరిగా లేని ఒక స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తమతో నాకు పని ఉందన్నది. ఆయన ఆమెను ఫలానావారి అమ్మా అని గౌరవంగా పిలిచి, ఏ గల్లీలో కావాలంటే ఆ గల్లీ చూసుకో, నీ పని తీరుస్తానన్నారు. తర్వాత ఆమెతో ఒక దారిలోకి వెళ్లి, ఆమె చెప్పదలచినది చెప్పుకోవడం పూర్తయ్యే వరకు నిలబడి ఉన్నారు. అది నలుగురూ నడిచే దారేనని, ఏకాంతం కాదని పండితులు వివరించారు.

ఆయన ఒక రాజ్యానికి అధినేత. ఆయన కోసం ఎందరో ఎదురుచూస్తుంటారు. అయినా ఆమెను పిచ్చిదని తోసిపుచ్చలేదు. పదిమంది ముందు నవ్వులపాలు చేయలేదు. ఎక్కడ మాట్లాడాలో ఎంచుకునే హక్కు ఆమెకే ఇచ్చారు. ఆమె చెప్పినదాంట్లో అర్థం ఉందా లేదా అని తూచలేదు. చెప్పేదంతా విన్నారు.

ఈ రోజుల్లో మానసిక రోగుల సేవకు శిక్షణ పొందే నర్సులకు నేర్పే మొదటి పాఠాలు కూడా ఇవే. రోగిని పేరుతో, మర్యాదగా పిలవాలి. చిన్న విషయాల్లోనైనా ఎంపిక అతనికే వదలాలి. స్నానం ముందా, టిఫిన్ ముందా అని అడగాలి. తొందరపెట్టకూడదు. అతనికి వినిపించే గొంతులు మనకు వినిపించవు. అవన్నీ అబద్ధమని వాదించినా ప్రయోజనం లేదు, నాకూ వినిపిస్తున్నాయని వంతపాడినా మేలు లేదు. నీకు భయంగా ఉందని నాకు అర్థమవుతున్నది, నేను ఇక్కడే ఉన్నాను అని చెప్పగలగాలి.

మన గల్లీల సంగతి

ఇప్పుడు మదీనా గల్లీ నుండి మన గల్లీలకు వద్దాం. హైదరాబాదు పాతబస్తీలో యాకుత్‌పురా వైపు ఒకసారి చూడండి. ఒకదానికొకటి ఆనుకుని ఇళ్లు. రెండు గదుల్లో రెండు కాపురాలు. గోడకు అవతల దగ్గినా ఇవతలికి వినబడుతుంది. అలాంటి చోట ఒక ఇంట్లో కొడుక్కో కూతురికో మతి చలించిందనుకోండి. ఆ ఇంటివారికి రోగం కంటే ముందు వచ్చేది సిగ్గు. నలుగురికీ తెలిస్తే మిగతా ఆడపిల్లలకు సంబంధాలు ఎలా వస్తాయన్న బెంగ. దాంతో తలుపు వేస్తారు. ఆ తర్వాత గొళ్లెం కూడా పెడతారు.

యాకుత్‌పురా స్టేషన్ నుండి ఊరికి ఆ చివర ఎర్రగడ్డ ఉంది. అక్కడున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధమైన పెద్దాసుపత్రి. నిజాం కాలంలో జాల్నాలో ఉండిన ఆసుపత్రి దీనికి మూలం. 1950వ దశకంలో అది హైదరాబాదుకు వచ్చింది. ఎన్నో వేల కుటుంబాలకు ఊరట ఇచ్చిన ఆ ఊరి పేరును మన నగరంలో తిట్టుగా వాడుతున్నాం. వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి అని నవ్వుతాం. మనం నవ్విన ఆ నవ్వు వల్లనే పొరుగింటి తల్లి తన బిడ్డను అక్కడికి తీసుకుపోవడానికి జంకుతున్నదేమో!

అక్కడికి వెళ్లే ముందు చాలా కుటుంబాలు ఆమిల్ గుమ్మం తొక్కుతాయి. తావీజులు, ఫలీతాలు, ఆసేబ్ దించడాలు. జిన్నుల ఉనికి దివ్యఖుర్ఆన్ చెప్పిన విషయం, దాన్ని ఏ ముస్లిమూ కాదనడు. కాని ఇంట్లో ఎవరికి నిద్ర పట్టకపోయినా, ఎవరు ఒంటరిగా మాట్లాడుకున్నా అది జిన్నేనని తీర్మానించమని ఎవరు చెప్పారు? అల్లాహ్ ఏ రోగాన్నీ మందు లేకుండా దింపలేదని, చికిత్స చేయించుకోమని మనకు చెప్పబడింది. ఇందులో శరీర రోగాలకు, మనసు రోగాలకు తేడా చూపబడలేదు. 10వ శతాబ్దానికి చెందిన ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) దేహారోగ్యం, మనోరోగ్యం రెండింటి గురించీ కలిపి ఒక గ్రంథం రాశారు. దుఃఖానికి కొన్నిసార్లు తెలిసిన కారణం ఉంటుందని, కొన్నిసార్లు కారణం తెలియకుండానే దేహంలో నుండి పుడుతుందని ఆనాడే విడదీసి చెప్పారు.

దుఆ చేయండి, ఖుర్ఆన్ పఠించి ఊదండి. అది సున్నత్. దాంతోపాటు వైద్యుని దగ్గరకు కూడా తీసుకువెళ్లండి. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో 2008 ప్రాంతంలో దవా-దుఆ పేరుతో ఒక పద్ధతి మొదలైంది. అక్కడికి వచ్చిన రోగులను ముజావర్లే పక్కనున్న వైద్యుల వద్దకు పంపేవారు. రెండూ కలిసి నడవగలవని అది చూపింది.

రెండూ కలవనప్పుడు ఏమవుతుందో చూపిన చోటు కూడా ఉంది. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గా చుట్టూ రోగులను ఉంచే ప్రైవేటు ఆశ్రమాలు ఉండేవి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక ఆశ్రమంలో మంటలు లేచాయి. రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. పారిపోలేక 28 మంది చనిపోయారు. వారిని అక్కడ దించి వెళ్లినవారిలో ఎక్కువమంది క్రూరులు కారు. నయమవుతుందన్న ఆశతో, ఇంట్లో వల్లకాక దించి వెళ్లినవారే. మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోదని చెప్పడానికి ఇంతకంటే వేరే రుజువు కావాలా? ఆ తర్వాత సుప్రీం కోర్టు తనంతట తాను ఈ విషయం చేపట్టింది. 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదని నిషేధించింది.

పెళ్లి చేస్తే కుదురుతుందా?

మరో దురాచారం ఉంది. పిల్లవాడికి పెళ్లి చేస్తే కుదురుకుంటాడని పెద్దలు నిర్ణయిస్తారు. రోగం సంగతి దాచి పేదింటి పిల్లను తెస్తారు. ఆ పిల్ల భార్యగా వచ్చి, జీతం లేని నర్సుగా మిగిలిపోతుంది. నికాహ్ ఒక ఒప్పందం. అందులో ఇంత పెద్ద విషయం దాచడం మోసం కాక మరేమిటి? రోగం ఉన్నవారు పెళ్లికి అర్హులు కారని చెప్పడం లేదు. చికిత్సతో చక్కగా సంసారం చేసుకుంటున్నవారు ఎందరో ఉన్నారు. ఉన్నది ఉన్నట్లు చెప్పి, అవతలివారు తెలిసి ఒప్పుకున్నాక చేయండి.

మందు ఎలా ఇవ్వాలి?

ఇంట్లో సేవ చేసేవారిని రోజూ వేధించే ప్రశ్న ఒకటుంది. రోగి మందు వేసుకోనంటాడు. బలవంతంగా మింగించవచ్చా? చాయ్‌లో, దాల్చాలో కలిపి తెలియకుండా ఇవ్వవచ్చా?

దైవప్రవక్త (స) చివరి జబ్బులో జరిగిన ఒక సంగతి హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించగా బుఖారీలో నమోదైంది. ఆయన స్పృహ తప్పి ఉన్నారనుకుని ఇంటివారు నోట్లో మందు పోయబోయారు. వద్దని ఆయన సైగ చేశారు. రోగులు మందును ఇష్టపడరు, అంతే కదా అనుకుని వారు పోసేశారు. తేరుకున్నాక, వద్దని నేను చెప్పలేదా అని ఆయన వారిని నిలదీశారు. ఆ పనిలో లేని హజ్రత్ అబ్బాస్ (రజి)ను మినహాయించి, ఇంట్లో ఉన్నవారందరి నోట్లోనూ ఆ మందు పోయించారు. ఇంటివారు చేసింది ప్రేమతోనే. అయినా తెలివిలో ఉన్న రోగి వద్దన్నప్పుడు ఆ మాటకు విలువ ఉందని ఆయన నేర్పారు.

మరి తెలివిలో లేనివాని సంగతి? అక్కడ వలీకి అధికారం ఉంది. తనకో, ఇతరులకో ప్రాణహాని ఉన్నప్పుడు ఆపడం, వైద్యుని సలహాతో మందు ఇవ్వడం బాధ్యతే. కాని ఆ అధికారానికి రెండు హద్దులున్నాయి. ఒకటి, అది రోగి మేలు కోసమే గాని మన సుఖం కోసం కాదు. రాత్రి మనకు నిద్ర పట్టాలని ఒక మాత్ర ఎక్కువ వేయడం ఈ అధికారంలోకి రాదు. రెండు, అది అతను తెలివిలోకి వచ్చే దాకానే. హదీసులో ఉన్న ఆ 'దాకా' అన్న మాట చాలా ముఖ్యం.

అన్నంలో మందు కలపడంలో మరో ప్రమాదం కూడా ఉంది. ఈ జబ్బుల్లో కొన్నింటిలో, తిండిలో విషం కలుపుతున్నారన్న అనుమానమే ఒక లక్షణం. అలాంటివానికి మనం నిజంగానే కలుపుతూ దొరికిపోతే? అతని అనుమానాన్ని మనమే నిజం చేశాం. ఇక తిండీ మానేస్తాడు, మనల్ని నమ్మడమూ మానేస్తాడు. సగం తిని వదిలేస్తే ఎంత మందు లోపలికి పోయిందో వైద్యునికీ తెలియదు. కాబట్టి దాన్ని అలవాటుగా చేసుకోకండి. మాత్రలకు బదులు రెండు వారాలకో, నెలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు కొన్ని జబ్బులకు ఉన్నాయి. రోగితో మాట్లాడి, వైద్యుణ్ణి అడగండి. నెమ్మదిగా ఉన్న రోజుల్లో అతన్నే అడగండి, మళ్లీ జబ్బు తిరగబెడితే నిన్ను ఎలా చూసుకోమంటావు అని. 2017 చట్టం కూడా ఈ అవకాశం ఇచ్చింది. తాను బాగున్నప్పుడే తన చికిత్స ఎలా ఉండాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి ముందుగా రాసి పెట్టుకోవచ్చు.

రమజాన్‌లో జాగ్రత్త

రోగికి ఉపవాసం నుండి మినహాయింపు అల్లాహ్ ఇచ్చినదే. దాన్ని తీసుకోవడం ఈమాన్ లోపం కాదు. కొందరికి ఇచ్చే లిథియం అనే మందు ఒంట్లో నీరు తగ్గితే విషంలా మారగలదు. మన ఎండల్లో నీళ్లు లేకుండా పగలంతా గడపడం వారికి ప్రమాదం. ఒకసారి మితిమీరిన ఉత్సాహం, ఒకసారి కుంగుబాటు వచ్చే జబ్బు ఉన్నవారికి సహరీ, తరావీహ్‌ల వల్ల నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టవచ్చు. అందుకే రమజాన్‌కు ముందే వైద్యుణ్ణి కలవాలి. వేళలు మార్చుకోవాలా, ఉపవాసమే వదలాలా అని అడగాలి. అందరూ రోజా ఉంటే నువ్వొక్కడివే తింటావా అని ఎవరూ దెప్పకూడదు.

దానిమ్మపండు

ముస్లిం పాలకులు ఆసుపత్రులు కట్టించి, వాటికి వక్ఫ్ ఆస్తులు రాసి ఇచ్చిన చరిత్ర మనది. కైరోలో 1284లో కట్టిన ఖలావూన్ ఆసుపత్రిలో మతిస్థిమితం లేనివారికి వేరే విభాగం ఉండేది. 1488లో ఎదిర్నేలో సుల్తాన్ బాయజీద్ కట్టించిన ఆసుపత్రిలో సంగీతంతో, నీటి సవ్వడితో రోగులకు నెమ్మది కలిగించేవారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ రాశాడు. అలాగని అంతా గొప్పగానే ఉండేదనుకోవద్దు. 12వ శతాబ్దంలో దమస్కస్‌లో రోగులను గొలుసులతో కట్టి ఉంచడం ఇబ్నె జుబైర్ చూశాడు. ఐరోపాలోనూ అంతే. పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో 1797లో ఇనుప సంకెళ్లు తీయించినవాడు పెద్ద వైద్యుడు కాదు, రోగుల మధ్యే తిరిగే పర్యవేక్షకుడు ప్యూసాఁ. ఒకప్పుడు తానూ రోగిగా ఆ ఆసుపత్రిలో చేరినవాడు.

ఈజిప్టు పాలకుడు అహ్మద్ ఇబ్నె తూలూన్ 9వ శతాబ్దంలో ఒక ఆసుపత్రి కట్టించాడు. ప్రతి శుక్రవారం స్వయంగా వెళ్లి రోగులను పరామర్శించేవాడట. ఒకరోజు మతి తప్పిన రోగి ఒకడు దానిమ్మపండు అడిగాడు. తెప్పించి ఇచ్చాడు. రోగి దాన్ని ఆయన ఛాతీ మీదికే విసిరికొట్టాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఆ ఆసుపత్రికి రాలేదని చరిత్రకారులు చెబుతారు.

ఆయన దాతృత్వాన్ని తక్కువ చేయడం లేదు. కాని పాలకుడు రావడం మానుకోగలిగాడు. అక్కడి సేవకుడు మానుకోలేడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, అదే రోగి ముఖం కడిగి, అదే చేత్తో తిండి పెట్టి ఉంటాడు. మన ఆసుపత్రుల్లో నర్సులు చేసేది అదే. ఉమ్మితే తుడుచుకుని మాత్ర ఇస్తారు. మింగాడో, నాలుక కింద దాచాడో చూస్తారు. చేతులు వణుకుతున్నాయా, మెడ బిగుసుకుందా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు అని గమనించి రాస్తారు. వైద్యుడు నిర్ణయించేది చాలావరకు ఈ గమనింపును బట్టే.

మన ఆడపిల్లలు నర్సింగ్ చదువుతామంటే, అందులోనూ పిచ్చాసుపత్రిలో పనిచేస్తామంటే ఇంట్లో ఎంత గొడవ! మదీనాలో హజ్రత్ రుఫైదా (రజి) గాయపడినవారికి సేవ చేసేవారు. ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ (రజి)ను దైవప్రవక్త (స) ఆమె చూసుకునే చోటనే ఉంచారు. మన స్త్రీలు రోగులైనప్పుడు వారి సేవకు స్త్రీలే కావాలని కోరుకుంటాం. ఆ సేవకు మన ఇంటి నుండి మాత్రం ఎవరినీ పంపం. ఇదెక్కడి న్యాయం?

ఒక్కరి భుజం మీదే భారం

నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం ప్రతి 100 మంది పెద్దవారిలో 10 మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. జబ్బును బట్టి వారిలో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. అంటే ఈ రోగుల్లో ఎక్కువమందిని చూసుకుంటున్నది ఆసుపత్రులు కావు, ఇళ్లు. ఆ ఇళ్లలో కూడా ఎక్కువగా ఒక తల్లి, లేదా పెళ్లి కాకుండా ఉండిపోయిన ఒక ఆపా.

ఏళ్ల తరబడి చేసే సేవలో ఆమెకు విసుగు వస్తే అది పాపమా? మనసుకు కలిగే అలసట పాపం కాదు. ఏ ప్రాణి మీదా దాని శక్తికి మించిన భారం అల్లాహ్ వేయడని ఖుర్ఆన్ చెబుతున్నది. మరి శక్తికి మించిన భారం ఆమె మీద పడి ఉందంటే దాన్ని వేసింది ఎవరు? గల్ఫ్‌లో ఉండి డబ్బు పంపి చేతులు దులుపుకున్న అన్న, పండుగకు కూడా ఇటు తొంగి చూడని తమ్ముడు, ఆ ఇంటి ముందు నుండి గబగబా నడిచిపోయే మనం. రోగి మీద నుండి ఎత్తబడిన కలం మన విషయంలో ఆగలేదన్నది ఇందుకే.

పెద్ద పనులు చేయనక్కరలేదు. వారానికి ఒక పూట ఆ ఇంటికి వెళ్లి కూర్చోండి. ఆ తల్లి ఆ కాసేపు నిద్రపోతుంది. ఎర్రగడ్డకు వెళ్లే రోజు ఆటో మాట్లాడి తోడు వెళ్లండి. ఎవరికి చెప్పుకోవాలో తెలియనివారికి టెలీమానస్ నంబరు 14416 చెప్పండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన ఈ ఉచిత సేవలో తెలుగులోనూ మాట్లాడవచ్చు. మసీదు కమిటీలు జకాత్ సొమ్ము పంచేటప్పుడు, మందులు కొనలేని అర్హులైన ఇలాంటి కుటుంబాలను కూడా గుర్తుంచుకోవాలి. ఆసుపత్రిలో చేర్పించడం వదిలించుకోవడం కాదు. చేర్పించి మళ్లీ వెళ్లకపోవడమే వదిలించుకోవడం. నయమైనా తీసుకుపోయేవారు లేక ఆసుపత్రుల్లోనే ఉండిపోయినవారి సంగతి మన దేశంలో సుప్రీం కోర్టు దాకా వెళ్లింది.

చివరగా ఆ 'దాకా' అన్న మాటను మళ్లీ తలచుకుందాం. రోగి తెలివిలోకి వచ్చిన క్షణం నుండి కలం మళ్లీ రాయడం మొదలుపెడుతుంది. అతని నమాజు నమాజుగా, అతని మాట మాటగా అల్లాహ్ వద్ద లెక్కలోకి వస్తుంది. కాని మనం? మందులతో బాగుపడి దుకాణంలో కూర్చున్నవాణ్ణి కూడా ఆ పిచ్చివాడే అంటాం. సఫ్‌లో పక్కన నిలబడితే కాస్త జరుగుతాం. అల్లాహ్ మనిషిగా లెక్కిస్తున్నవాణ్ణి మనం లెక్కించకపోతే, దానికి రేపు మన దగ్గర ఉన్న జవాబు ఏమిటి?

ఓ అల్లాహ్! మనసు గాయపడిన నీ దాసులకు స్వస్థత ప్రసాదించు. వారికి సేవ చేసే చేతులకు బలాన్ని, వారి గుండెలకు సహనాన్ని ప్రసాదించు. మాటరాని వారి తరఫున మాట్లాడే ధైర్యం మాకు ప్రసాదించు. ఆమీన్.